యాభయ్యవ ఏట మొదలైన శిల్పి: మేమార్ సినాన్

ప్రతి పనికీ ఒక వయస్సు ఉంటుందనీ, అది దాటిపోతే ఆ పని ఇక మనకు ప్రాప్తం లేదనీ లోకంలో ఒక నమ్మకం స్థిరపడి ఉన్నది. చదువుకు ఇంత, ఉద్యోగానికి ఇంత, పేరు ప్రతిష్ఠలకు ఇంత అని మనమే మనసులో హద్దులు గీసుకుంటాము. ఇంటి భారం మీద పడి రెండు మూడేళ్లు చదువు మానిన యువకుడు మళ్లీ కళాశాల మెట్లెక్కేటప్పుడు తోటివారికంటె వెనుకబడిపోయానని క్రుంగిపోతాడు. ఒక వృత్తి మీద మక్కువ ఉండి, బ్రతుకుతెరువు కోసం మరొక వృత్తిలో దిగినవాడు ఆ మక్కువను ఎవరికీ చెప్పుకోలేక లోలోపలే దాచుకుంటాడు. అటువంటివారు తెలుసుకోదగిన జీవితం మేమార్ సినాన్ అనే మహాశిల్పిది. ప్రపంచ వాస్తుకళా చరిత్రలో అగ్రశ్రేణిలో నిలిచిన ఈ వ్యక్తి తన పేరు నిలబెట్టిన పదవిని చేపట్టేనాటికి ఇంచుమించు యాభై ఏళ్లవాడు.

మేమార్ అన్న మాట ఉర్దూ చదివిన మన విద్యార్థులకు కొత్తది కాదు. కట్టడాలు కట్టేవాడని దాని అర్థం. తుర్కీలో ఆ మాట సినాన్ పేరుకు ముందు చేరి, ఆయన నామంలో ఒక భాగమే అయిపోయింది. ఆయన జీవించినది పదహారవ శతాబ్దంలో, ఉస్మానీ తురుష్క సామ్రాజ్యం మూడు ఖండాలలో వ్యాపించి ఉన్న కాలంలో. మన ప్రాంతపు చరిత్రతో పోల్చి చెప్పవలెనంటే, ఆయన తన మహానిర్మాణాలలో ఒకటైన సులేమానియాకు పునాది వేయించిన 1550లోనే ఇక్కడ గోలకొండలో ఇబ్రహీం కుతుబ్ షా సింహాసనమెక్కాడు. తెలుగు కవులు మల్కిభరాముడని ప్రేమతో పిలుచుకొన్న ప్రభువు ఆయనే. సినాన్ కన్నుమూసిన మూడేళ్లకు, 1591లో, హైదరాబాదులో చార్మినార్ వెలసింది. దూరదేశపు మనిషే అయినా కాలం దృష్ట్యా సినాన్ మనకు అంత అపరిచితుడు కాడు.

సినాన్ 1490 ప్రాంతంలో అనటోలియా నడిబొడ్డున కైసేరి పట్టణానికి సమీపంలోని అగిర్నాస్ అనే పల్లెలో ఒక క్రైస్తవ కుటుంబంలో జన్మించాడు. రాతి నేల ఎక్కువగా ఉన్న ఆ ప్రాంతంలో రాయి చెక్కడం, రాతితో ఇళ్లు కట్టడం జనానికి అలవాటైన విద్యలు. ఆ రోజులలో ఉస్మానీ ప్రభుత్వం క్రైస్తవ కుటుంబాల నుండి కొందరు యువకులను ఎంపిక చేసి, ఇస్లాం మతంలోకి మార్చి, సైన్యంలోను రాజోద్యోగాలలోను నియమించే పద్ధతి ఒకటి ఉండేది. అందులో కన్నవారి ఇష్టాయిష్టాలకు చోటు లేదు. మొదటి సెలీం సుల్తాను గద్దెనెక్కిన 1512 ప్రాంతంలో సినాన్‌ను అలాగే తీసుకొనిపోయారు. సాధారణంగా ఆ పద్ధతిలో ఎంపికయ్యేవారు చిన్న వయస్సు బాలురు. సినాన్‌కు అప్పటికే ఇరవై దాటింది. అంటే ఆ బడిలో కూడా ఆయన తోటివారికంటె పెద్దవాడుగానే అడుగు పెట్టాడు.

శిక్షణ కాలంలో ప్రతివారూ ఏదో ఒక చేతిపని నేర్చుకోవాలి. సినాన్ వడ్రంగం ఎంచుకొన్నాడు. కొయ్యను కొలవడం, కోయడం, అతకడం, బరువు ఎక్కడ పడుతుందో ఊహించడం ఆయన మొదట నేర్చిన పాఠాలు. వృద్ధాప్యంలో ఆయన తన మిత్రుడైన కవి సాయీ ముస్తఫా చెలెబీ చేత తన జీవితకథను వ్రాయించాడు. అందులో తన శిష్యదశను వృత్తలేఖినితో పోల్చుకొన్నాడు. ఒక కాలు కేంద్రంలో నిలకడగా ఉండి పని నేర్చుకొన్నదట, తరువాత రెండవ కాలు లోకమంతా చుట్టి రావాలని ఉవ్విళ్లూరినదట. ఆయన జీవితమంతా ఈ పోలికలో ఇమిడి ఉన్నదని చెప్పవచ్చు.

ఆ రెండవ కాలును లోకమంతా త్రిప్పినవి యుద్ధాలు. జానిసారీ సైనికుడుగా ఆయన 1521లో బెల్‌గ్రేడు ముట్టడిలోను, 1522లో రోడ్స్ ద్వీపం ముట్టడిలోను పాల్గొన్నాడు. 1526లో మొహాచ్ యుద్ధరంగంలో ఉన్నాడు. ఒక్కొక్క మెట్టు ఎక్కుతూ దళనాయకుడయ్యాడు. 1534లో బాగ్దాదు దండయాత్రకు వెళ్లాడు. సుమారు ఇరవై ఏళ్ల ఆ సైనిక జీవితంలో తక్కినవారు కోటలను జయించవలసిన లక్ష్యాలుగా చూస్తే, సినాన్ వాటిని నిర్మాణాలుగా కూడా చూశాడు. ఏ గోడ ఫిరంగి దెబ్బకు ఎట్లా కూలింది, ఏ కమాను వందల ఏళ్లుగా ఎందుకు నిలిచి ఉన్నది, ఏ వంతెన వరదకు కొట్టుకొనిపోయింది అన్నవి ఆయన పరిశీలనలు. పాడుబడిన ప్రతి కట్టడం నుండీ ఏదో ఒకటి నేర్చుకొన్నట్లు ఆయన జీవితకథలో చెప్పుకొన్నాడు. ఆయనకు వేరే పాఠశాల లేదు. తనకు ఇష్టమైన విద్యను, తన చేతిలో ఉన్న ఉద్యోగం చేస్తూనే, ఆ ఉద్యోగం తనను తీసుకొనిపోయిన చోట్లలోనే సంపాదించుకొన్నాడు.

ఆ విద్యను బయటపెట్టే అవకాశాలు కూడా యుద్ధంలోనే వచ్చాయి. తూర్పు దండయాత్రలో వాన్ సరస్సు ఆవలి ఒడ్డున శత్రువుల కదలికలు తెలుసుకోవలసివచ్చింది. సైన్యం దగ్గర పడవలు లేవు. లుత్ఫీ పాషా ఆ పనిని సినాన్‌కు అప్పగించాడు. దొరికిన కొయ్యతోనే ఆయన మూడు ఓడలు కట్టించి, వాటిపై ఫిరంగులు అమర్చి, తానే వాటిని నడిపించాడు. తరువాత 1538లో మొల్డావియా దండయాత్రలో ప్రూత్ నది అడ్డు వచ్చింది. ఒడ్డంతా బురదనేల. వేసిన వంతెన వేసినట్లే క్రుంగిపోతున్నది. లుత్ఫీ పాషా మళ్లీ సినాన్ పేరే సూచించాడు. పదమూడు రోజులలో వంతెన పూర్తయింది. సైన్యం దాటింది.

ఆ మరుసటి సంవత్సరం, అనగా 1539లో, రాజధానిలో ప్రధాన వాస్తుశిల్పి పదవి ఖాళీ అయింది. లుత్ఫీ పాషా సిఫారసు మీద సులేమాన్ సుల్తాను ఆ పదవిని సినాన్‌కు ఇచ్చాడు. ఇక్కడ ఒక విషయం గమనింపదగినది. సినాన్ ఆ పదవిని ఎగిరి గంతేసి అందుకోలేదు. ఇంతకాలం తాను చెమటోడ్చి ఎదిగిన సైనికవృత్తిని వదలిపెట్టడం ఆయనకు బాధ కలిగించింది. అక్కడ ఆయనకు హోదా ఉన్నది, ముందు పెరుగుదల ఉన్నది. యాభై ఏళ్ల వయస్సులో ఒక దారి విడిచి మరొక దారి పట్టడం ఎవరికైనా సులభం కాదు. లాభనష్టాలు బేరీజు వేసుకొన్న తరువాత, ఎన్నో ప్రార్థనాలయాలు నిర్మించే అదృష్టం ఈ దారిలో ఉన్నదన్న ఆలోచనతో ఆయన ఒప్పుకొన్నాడు. కల కన్నవాడు కూడా లెక్క చూసుకొనే అడుగు వేయాలని ఈ ఘట్టం మనకు చెబుతున్నది.

ఆ పదవి పేరుకు గొప్పదే కాని, అందులో నిత్యకృత్యాలు చిల్లరపనులే. నగరంలో కట్టడాల నియమాలు చూడాలి. నీటి కాలువలు, వీధులు బాగుచేయించాలి. రాయి, ఇటుక, సున్నం నాణ్యత పరీక్షించాలి. ఎంతోమంది మేస్త్రీలను, లెక్కలు వ్రాసేవారిని నడిపించాలి. సినాన్ వీటిలో దేనినీ చిన్నచూపు చూడలేదు. ఇస్తాంబుల్‌లో ఆయన చేతికి వచ్చిన తొలి పనులలో ఒకటి సుల్తాను భార్య హుర్రెం పేర కట్టిన చిన్న మసీదు సముదాయం. అందులో ఆర్భాటమేమీ లేదు. పెద్ద గుమ్మటానికి కావలసిన అనుభవం తనకు ఇంకా రాలేదని ఆయనకు తెలుసు.

1543లో సులేమాన్ ముద్దుల కుమారుడు మెహ్మద్ యౌవనంలోనే మరణించాడు. ఆ కుమారుని స్మృత్యర్థం ఒక మసీదు కట్టవలసిందిగా సుల్తాను ఆదేశించాడు. 1548లో పూర్తయిన ఆ షెహ్‌జాదే మసీదులో నడుమ పెద్ద గుమ్మటానికి నాలుగు వైపులా నాలుగు అర్ధగుమ్మటాలు ఆనించి, బరువును సమంగా పంచాడు సినాన్. చూచినవారు ముగ్ధులయ్యారు. సినాన్‌కు అప్పుడు సుమారు యాభై ఎనిమిదేళ్లు. అటువంటి కట్టడాన్ని ఆయన తన శిష్యదశలోని పనిగా లెక్కించుకొన్నాడని తుర్కీలో తరతరాలుగా చెప్పుకొంటున్నారు. మనలో చాలామంది పింఛను గురించి ఆలోచించే వయస్సులో ఆయన తనను విద్యార్థిగా భావించుకొన్నాడు.

తరువాతది సులేమానియా. 1550లో మొదలై 1557లో పూర్తయింది. ఇస్తాంబుల్‌లో ఒక కొండపై నిలిచిన ఈ మసీదు ప్రధాన గుమ్మటం వ్యాసం సుమారు 26 మీటర్లు, నేల నుండి ఎత్తు దానికి రెట్టింపు. మసీదు ఒక్కటే కాదు. చుట్టూ పాఠశాలలు, వైద్య విద్యాలయం, ఆసుపత్రి, బీదలకు అన్నం పెట్టే వంటశాల, స్నానశాల, బాటసారులకు సత్రం, అన్నీ కలిసిన ఒక చిన్న పట్టణం అది. నాటి లెక్కల పుస్తకాలు ఈనాటికీ మిగిలి ఉన్నాయి. వాటిని బట్టి మూడున్నర వేలకు పైగా పనివారు అక్కడ పనిచేశారనీ, వారిలో ఇంచుమించు సగం మంది క్రైస్తవులు, సగం మంది ముస్లిములు అనీ తెలుస్తున్నది. గుమ్మటంలో మట్టికుండలు నోళ్లు లోపలికి వచ్చేలా అమర్చి, ప్రార్థన చదివే కంఠస్వరం మూలమూలలకు వినిపించే ఏర్పాటు చేశాడు.

ఆ నిర్మాణం సాగుతున్న కాలంలో ఆయన మీద కొండెములు బయలుదేరాయి. పని జాగు చేస్తున్నాడనీ, గుమ్మటం నిలబడదేమోనన్న భయంతో మతి పోగొట్టుకొన్నాడనీ సుల్తాను చెవిన వేశారు. ఒకనాడు సుల్తాను కోపంతో వచ్చి, పని ఎప్పటికి పూర్తవుతుందని నిలదీశాడు. రెండు నెలలలో పూర్తి చేస్తానని సినాన్ మనవి చేశాడు. విన్నవారు ఇక ఇతనికి పిచ్చి పట్టడం ఖాయమనుకొన్నారు. సినాన్ ఎవరితోనూ వాదానికి దిగలేదు. పనివారిని కూడగట్టి, పగలూ రాత్రీ నిలబడి, చెప్పిన గడువుకు తాళపుచెవి తెచ్చి సుల్తాను చేతిలో పెట్టాడు. ఆ తాళపుచెవిని సుల్తాను తిరిగి సినాన్‌కే ఇచ్చి, ద్వారం తెరిచే గౌరవం ఆయనకే కట్టబెట్టాడని జీవితకథ చెబుతున్నది. మాట ఇచ్చేముందు ఆయన తన బలమెంతో, పని ఎంత మిగిలి ఉన్నదో కొలుచుకొని ఉన్నాడు. అందుకే ఆ మాట నిలిచింది.

అంతటి కీర్తి వచ్చిన తరువాత కూడా ఆయన చేసిన మేలైన పనులలో ఒకటి కంటికి ఇంపైన మసీదు కాక, దాహం తీర్చే నీటి కాలువ కావడం విశేషం. పెరిగిపోతున్న ఇస్తాంబుల్ జనాభాకు నీరు చాలడం లేదు. నగరానికి ఉత్తరాన ఉన్న అడవుల నుండి నీటిని తెచ్చే కిర్క్‌చెష్మే పథకాన్ని సినాన్ చేపట్టాడు. కిర్క్ అంటే నలభై, చెష్మే అంటే మనం ఉర్దూలో అనే చష్మాయే. సుమారు 55 కిలోమీటర్ల పొడవున, లోయలు దాటవలసినచోట రాతి కమానులపై కాలువను నడిపించి ఆయన నీరు తెచ్చాడు. వాటిలో మగ్లోవా లోయను దాటే కట్టడం 36 మీటర్ల ఎత్తున, రెండు అంతస్తుల కమానులతో నేటికీ చూపరులను ఆశ్చర్యపరుస్తున్నది. మన హుస్సేన్ సాగర్ తవ్విన కాలం కూడా ఇంచుమించు ఇదే.

ఆ పథకం ముగింపునకు వస్తున్న దశలో, 1563లో, కనీవినీ ఎరుగని వరద వచ్చింది. కట్టిన కాలువ వంతెనలు కొన్ని కొట్టుకొనిపోయాయి. సినాన్‌కు అప్పుడు డెబ్బై దాటింది. ఏళ్ల శ్రమ ఒక్కరోజులో బురద పాలైతే యువకులకే చేతులాడవు. సినాన్ తిరిగి కొలతలు వేసి, కూలినవాటిని మునుపటికంటె గట్టిగా కట్టించాడు. 1564 నాటికి నీరు నగరం చేరింది. అదే వరద బుయుక్‌చెక్మెజే దగ్గర పాత వంతెనను కూడా దెబ్బ తీసింది. అక్కడ ఆయన 600 మీటర్లకు పైగా పొడవున, నాలుగు భాగాలుగా, ఇరవై ఎనిమిది కమానులతో కొత్త వంతెన నిర్మించాడు. అది 1567లో పూర్తయింది. దానిని కట్టించ పూనుకొన్న సులేమాన్ అంతకు ముందు ఏడే, 1566లో, యుద్ధయాత్రలో కన్నుమూశాడు. ప్రభువు పోయినా పని ఆగలేదు.

ఇన్ని కట్టడాలు కడుతున్నా సినాన్ మనసులో ఒక కోరిక మిగిలే ఉన్నది. ఇస్తాంబుల్‌లోనే, ఆయనకు వెయ్యేళ్ల ముందు, 537లో పూర్తయిన ఆయా సోఫియా ఉన్నది. దాని గుమ్మటం వ్యాసం 31 మీటర్ల పైచిలుకు. అంతటి గుమ్మటం మళ్లీ కట్టడం ఎవరి తరమూ కాదని నాటి క్రైస్తవ శిల్పులు అనుకొనేవారట. ఆ మాట సినాన్ మనసులో ముల్లులా గుచ్చుకొన్నది. అయితే ఆ ముల్లు ఉన్నది కదా అని ఆయన ఒక్కసారిగా సాహసానికి దిగలేదు. షెహ్‌జాదేలోను, సులేమానియాలోను గుమ్మటాన్ని నాలుగు స్తంభాలపై నిలిపాడు. ఆరు ఆధారాలపై, ఎనిమిది ఆధారాలపై గుమ్మటాన్ని నిలిపితే ఎట్లా ఉంటుందో చిన్న చిన్న మసీదులలో పరీక్షించి చూచుకొన్నాడు. 1560ల ఆరంభంలో కట్టిన రుస్తుం పాషా మసీదు అటువంటి పరీక్షలలో ఒకటి. దాని గుమ్మటం సుమారు 15 మీటర్లే. పొరపాటు జరిగితే దిద్దుకోగలిగినంత చిన్నది.

రెండవ సెలీం సుల్తాను ఎదిర్నే నగరంలో తన పేర మసీదు కట్టవలసిందిగా కోరినప్పుడు ఆ పరీక్షలన్నీ ఫలించాయి. 1568లో పని మొదలయ్యేనాటికి సినాన్‌కు సుమారు డెబ్బై ఎనిమిదేళ్లు. ఎనిమిది మహాస్తంభాలపై 31 మీటర్ల పైచిలుకు వ్యాసం గల ఒకే గుమ్మటం. లోపల అడుగుపెట్టినవానికి ఎక్కడా చూపు ఆగదు, అంతా ఒకే విశాలమైన ఆవరణ. బయట నాలుగు మూలలా 70 మీటర్ల ఎత్తున నాలుగు సన్నని మినార్లు. వాటిలో రెండింటిలో ఒకదానితో ఒకటి కలియని మూడేసి మెట్లదారులు, మూడు వసారాలకు విడివిడిగా చేరుస్తాయి. సెలీం సుల్తాను 1574 డిసెంబరులో మరణించాడు. తాను కోరిన మసీదు పూర్తయి 1575లో తెరచుకోవడం ఆయన చూడలేదు. ఎనభై ఐదేళ్ల సినాన్ చూశాడు. షెహ్‌జాదే శిష్యుని పని, సులేమానియా పనివాని పని, సెలిమియా ఆచార్యుని పని అని ఆయన వింగడించుకొన్నాడని ప్రసిద్ధి.

ఇక్కడ నిజాయితీగా ఒక మాట చెప్పుకోవాలి. సెలిమియా గుమ్మటం ఆయా సోఫియా గుమ్మటాన్ని ఎత్తులోను, చుట్టుకొలతలోను మించిపోయిందని సినాన్ జీవితకథలో వ్రాసి ఉన్నది. ఆధునిక కాలంలో కొలిచి చూచినవారు రెండింటి వ్యాసం దాదాపు సమానమేననీ, నేల నుండి ఎత్తులో ఆయా సోఫియాయే ఎక్కువనీ తేల్చారు. అంతమాత్రాన సినాన్ ఘనతకు లోపం లేదు. ఆయన కూడా మనవంటి మనిషే, తన పని మీద అభిమానం గలవాడే అని మాత్రం తెలుస్తుంది. వినయం అంటే తన విలువ తాను తెలియకపోవడం కాదు. ఆయన వినయం ఎటువంటిదో తెలుసుకోవాలంటే అదే సంవత్సరాలలో ఆయన చేసిన మరొక పని చూడాలి.

1573లో ఆయా సోఫియా గోడలు బలహీనపడి ప్రమాదస్థితిలో ఉన్నాయని గుర్తించారు. గోడలకు ఆనుకొని ఎవరెవరో ఇళ్లు కట్టుకొన్నారు. పునాదులు దెబ్బ తింటున్నాయి. దానిని బాగుచేసే బాధ్యత సినాన్ మీద పడింది. ఎదిర్నేలో దానికి పోటీగా తన గుమ్మటం లేస్తున్న రోజులవి. పాత కట్టడం కూలిపోతే పోటీయే ఉండదని తలచే అల్పబుద్ధి ఆయనకు లేదు. చుట్టూ ఉన్న ఆక్రమణలను తొలగించి, గోడలకు దన్నుగా బలమైన రాతి ఊతలు కట్టించాడు. పదిహేను వందల ఏళ్లకు సమీపిస్తున్న ఆ కట్టడం భూకంపాలను తట్టుకొని నేటికీ నిలిచి ఉండడంలో ఆయన చేతి చలువ కూడా ఉన్నది. తాను ఎవరిని మించాలనుకొన్నాడో, వారి పనినే భుజం ఒడ్డి నిలబెట్టాడు. సినాన్ జీవితంలో సెలిమియాతో సమానంగా తలచుకోవలసిన ఘట్టం ఇది.

పదవి ఎంత పెరిగినా తాను వచ్చిన పల్లెను ఆయన మరువలేదు. 1571లో సైప్రస్ ద్వీపం ఉస్మానీల వశమైన తరువాత, అక్కడ జనాన్ని నింపడానికి అనటోలియా పల్లెల నుండి కుటుంబాలను తరలించసాగారు. ఆ జాబితాలో అగిర్నాస్ పరిసరాలలో ఉన్న సినాన్ బంధువులు కూడా చేరారు. వారు క్రైస్తవులుగానే ఉన్నారు. వారిని తరలించవద్దని సినాన్ విన్నవించుకొన్నాడు. 1573 చివరి రోజులలో ఆ మేరకు ఫర్మానా వెలువడింది. అరవై ఏళ్ల క్రితం విడిచివచ్చిన ఇంటివారిని, మతం వేరైనా, తనవారని దర్బారులో చెప్పుకోవడానికి ఆయన సిగ్గుపడలేదు.

1584లో, తొంభై దాటిన వయస్సులో, తన బాధ్యతలను తాత్కాలికంగా మరొకరికి అప్పగించి ఆయన హజ్ యాత్ర చేసి వచ్చాడు. తిరిగి వచ్చి మళ్లీ పనిలో ప్రవేశించాడు. 1588లో మరణించేవరకు ఆ పదవిలోనే ఉన్నాడు. సుమారు నలభై తొమ్మిదేళ్లు ముగ్గురు సుల్తానుల కొలువులో ప్రధాన శిల్పిగా గడిపాడు. మసీదులు, పాఠశాలలు, ఆసుపత్రులు, వంతెనలు, సత్రాలు, స్నానశాలలు కలిపి ఆయన పేర 470కి పైగా నిర్మాణాలు లెక్కకు వస్తున్నాయి. అన్నీ ఆయన దగ్గర నిలబడి కట్టించినవి కావు. దూరప్రాంతాలలో ఉన్నవాటిని ఆయన చేతికింద తయారైన శిల్పులు పూర్తిచేశారు. తన చేతితోనే అన్నీ జరగాలన్న పంతం పట్టక, పది చేతులను తయారు చేయడం ఆయన విజయ రహస్యాలలో ఒకటి. ఆయన వద్ద పెరిగిన మెహ్మద్ ఆగాయే తరువాత ఇస్తాంబుల్‌లో సుల్తాన్ అహ్మద్ మసీదును నిర్మించాడు.

సులేమానియా ఆవరణకు వెలుపల, ఒక మూలన, రెండు వీధులు కలిసేచోట సినాన్ సమాధి ఉన్నది. దానిని ఆయనే కట్టుకొన్నాడు. లోపల తోటలో సులేమాన్ సుల్తాను సమాధి గుమ్మటంతో రాజసంగా నిలిచి ఉంటే, దానిని కట్టిన శిల్పి సమాధి బాటసారి గమనించకుండా దాటిపోగలిగినంత చిన్నది. దాని అంచున దారిన పోయేవారికి మంచినీళ్లిచ్చే చిన్న కట్టడం ఒకటి అమర్చాడు. సాయీ వ్రాసిన సమాధిఫలకంలో బుయుక్‌చెక్మెజే వంతెన ప్రస్తావన ఉన్నది. మనుషులను ఒడ్డు చేర్చిన ఆ పని ఆయన జ్ఞాపకంతో అలా ముడిపడి నిలిచింది. ఐక్యరాజ్యసమితి విద్యా సాంస్కృతిక సంస్థ 1985లో సులేమానియాతో సహా ఇస్తాంబుల్ చారిత్రక ప్రదేశాలను, 2011లో సెలిమియాను ప్రపంచ వారసత్వ సంపదలో చేర్చింది.

ఈ జీవితం నుండి తప్పుడు అర్థం తీయకూడదు. యాభై ఏళ్లకు కల మొదలుపెట్టిన ప్రతివాడూ సినాన్ కాలేడు. ఆయన వెనుక ఒక సామ్రాజ్యపు ఖజానా ఉన్నది, కళ తెలిసిన ప్రభువులు ఉన్నారు, అసాధారణమైన ఆయుర్దాయం ఉన్నది. ఇవి మన చేతిలో లేనివి. కాని ఆయన చేతిలో ఉన్నవి మనందరి చేతిలోనూ ఉన్నాయి. ఇష్టం లేని ఉద్యోగంలో కూడా ఇష్టమైన విద్యను వెదుక్కోవడం, పెద్దదానికి ముందు చిన్నదానిలో పరీక్షించుకోవడం, కూలినదాన్ని తిట్టుకోక తిరిగి కట్టడం, ముందుతరం పనిని గౌరవించడం, వెనుకతరాన్ని తయారు చేయడం, వీటికి ఖజానా అక్కరలేదు.

విద్యార్థులారా, మీలో కొందరు ఉదయం దుకాణంలోనో, కార్ఖానాలోనో పనిచేసి తరగతికి వస్తున్నారు. కొందరు తండ్రి వృత్తిని అందుకోక తప్పని స్థితిలో ఉన్నారు. కొందరు ఆడపిల్లలు చదువు మధ్యలో ఆగి, మళ్లీ సాగించాలని తపిస్తున్నారు. మీరు వెనుకబడ్డామని అనుకొనే ఆ సంవత్సరాలు వ్యర్థం కానక్కరలేదు. వడ్రంగి బల్ల దగ్గర సినాన్ గడిపిన రోజులే తరువాత గుమ్మటాలుగా లేచాయి. ఈనాడు మీ చేతిలో ఉన్న పని ఎంత చిన్నదైనా దానిని కొలత తప్పకుండా చేయండి. కల ఎంత పెద్దదైనా దానికి సరిపడే పునాది పడేవరకు ఓపిక పట్టండి. అదను వచ్చిననాడు, వయస్సు మీరిందని వెనుకాడకుండా, లెక్క చూసుకొని అడుగు వేయండి.